మంత్రాలు, ముక్కలు, సీరియళ్లు: ఫాంటసీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం నలుగురైదుగురం ఫాంటసీ కార్డు ఆటలు ఆడతాం. అందరం ఉద్యోగాలకని అనంతపురం, కర్నూలు, విజయవాడ వైపు నుంచి వచ్చినవాళ్లమే. ఆట మధ్యలో మాట పుస్తకాల మీదికి, అక్కణ్ణుంచి సీరియళ్ల మీదికి మళ్లుతుంది. కొత్తగా ఎవరు వచ్చినా అవే సందేహాలు, మళ్లీ అవే జవాబులు. అందుకే రాసిపెట్టాను. మీరు ఏ దశలో ఉంటే ఆ భాగం చూసుకోండి. అభిప్రాయాలు నావి.

## ఇంకా మొదలుపెట్టనివాళ్లకి

ఫాంటసీ అంటే పిల్లల కథలే కదా? ముప్పై దాటినవాళ్లకి అందులో ఏముంటుంది?

బేతాళ కథ గుర్తు తెచ్చుకోండి. శవాన్ని భుజాన వేసుకుని నడుస్తున్న రాజు నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. బేతాళుణ్ణి తీసేసినా ఏదో ఒక కథ మిగులుతుంది కానీ, ఆ షరతు తీసేస్తే ఏమీ మిగలదు. నాకు ఫాంటసీ అంటే ఆ షరతే. మంత్రం ఎంత గొప్పదన్నది నేను పెద్దగా పట్టించుకోను. దాన్ని వాడినవాడు ఏం పోగొట్టుకున్నాడని చూస్తాను. చిన్నప్పుడు రాజు చెట్టెక్కి దిగడం చూసి సంబరపడ్డాను. ఇప్పుడు చదివితే, మాట్లాడినా నష్టమే మాట్లాడకున్నా నష్టమే అన్న చోట ఆగిపోతున్నాను. అలాంటి రోజులు మనకీ వచ్చి ఉంటాయి కదా.

పుస్తకాలు, కార్డులు, సీరియళ్లు: ముందు ఏది?

పుస్తకం. చదివే అలవాటు బొత్తిగా లేకపోతే కార్డులు. ఎదురుగా మనిషి కూర్చుంటాడు కాబట్టి నేర్చుకోవడం తేలిక. సీరియల్‌తో మొదలుపెడితే ఆ ముఖాలే మనసులో ముద్రపడిపోతాయి. తర్వాత పుస్తకం తెరిచినా మీ సొంత ఊహకి చోటు తక్కువ.

నేను తెలుగు మీడియంలో చదివాను. ఆ ఇంగ్లిష్ పుస్తకాలు నాకు అర్థమవుతాయా?

అవుతాయి. నేనూ తెలుగు మీడియమే. 'ది హాబిట్' మొదటిసారి అనంతపురం నుంచి బెంగళూరు వచ్చే బస్సులో తెరిచాను. తెలియని ప్రతి మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, ఫోన్‌లో అర్థం వెతుకుతూ చదివాను. పెనుకొండ దాటేసరికి అయింది మూడే పేజీలు. విసుగొచ్చి ఫోన్ జేబులో పెట్టేసి, అర్థమైనంత మేరకు చదువుకుంటూ పోయాను. చిక్కబళ్లాపురం వచ్చేసరికి మొదటి అధ్యాయం అయిపోయింది. గీత గీసిన మాటల్లో సగానికి అర్థం కథే చెప్పేసింది.

కాబట్టి నా సలహా: పేజీకి ఒక్క మాట మించి వెతకొద్దు. మొదటి పుస్తకంగా 'ది హాబిట్' పెట్టుకోండి. 1937లో టోల్కీన్ పిల్లల కోసం రాసిన పుస్తకం, వాక్యాలు చిన్నవి. ఐదో అధ్యాయంలో చీకటి గుహలో కథానాయకుడు బిల్బో, అక్కడే దాక్కుని బతికే గొల్లమ్ ఒకరినొకరు పొడుపుకథలు అడుగుతారు. గెలిస్తే దారి, ఓడితే ప్రాణం. పొడుపుకథలు విప్పుతూ పెరిగిన తెలుగువాళ్లకి ఆ అధ్యాయం ఎవరూ వివరించక్కర్లేదు.

తెలుగులో ఇలాంటివి లేవా?

ఉన్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' పన్నెండు సంపుటాలు. 1951 నాటి 'పాతాళభైరవి' సినిమాకి మూలం అందులోదే. 'చందమామ' 1947 జులైలో మద్రాసులో మొదలైంది. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు వరసగా రాసిన సీరియళ్లు అచ్చమైన ఫాంటసీ: మాంత్రికులు, కొండజాతులు, పాడుబడిన కోటలు, వాటికి చిత్రా గారి బొమ్మలు. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వేసేవారు కాదు. ఎందరో పిల్లలు ఆయన కథలు చదువుతూ పెద్దవాళ్లయ్యారు, ఆయన పేరు మాత్రం తెలియలేదు. నాకూ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. పాత సంచికలు ఎక్కడ దొరికినా ఆ సీరియళ్లు చదవండి.

## మొదటి పుస్తకం పట్టుకున్నవాళ్లకి

టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వంద పేజీలు చదివినా కథ కదలట్లేదు. వదిలేయనా?

బ్రీ అనే ఊరు వచ్చేదాకా ఓపిక పట్టండి. ఫ్రోడో బృందానికి దారి చూపే స్ట్రైడర్ అక్కడే కనిపిస్తాడు. అప్పటికీ పట్టుకోకపోతే వదిలేయండి, తప్పేం లేదు.

కదలనట్టు అనిపించే ఆ పేజీల్లో జరిగేదొకటి ఉంది. బిల్బో పుట్టినరోజు విందుకీ, అతని వారసుడు ఫ్రోడో ఉంగరంతో ఇల్లు వదలడానికీ మధ్య 17 ఏళ్లు గడుస్తాయి. బయల్దేరేనాటికి ఫ్రోడో వయసు 50. సినిమాలో ఈ ఏళ్లు కనిపించవు కాబట్టి అతను కుర్రాడిలా అనిపిస్తాడు. పుస్తకంలో అతను ఇల్లూ, తోటా, స్నేహితులూ ఉన్న మనిషి. ఆ ఇంటి గుమ్మం దగ్గర టోల్కీన్ అంతసేపు కూర్చోబెట్టింది అందుకే: ఫ్రోడో ఏం వదులుకుని వెళ్తున్నాడో మనకి తెలియాలి. నేను రెండోసారి చదివినప్పుడు ఈ భాగమే నెమ్మదిగా, ఇష్టంగా చదివాను.

టోల్కీన్ అయ్యాక ఏది?

అర్సులా లెగ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968 నాటిది, చిన్న పుస్తకం. నా లెక్కలో ఫాంటసీలో ఇంత పొదుపైన పుస్తకం ఇంకోటి లేదు.

ఎర్త్‌సీ లోకంలో ప్రతి వస్తువుకీ, ప్రతి మనిషికీ ఒక అసలు పేరు ఉంటుంది. అది తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది. అందుకే ఎవరూ తమ అసలు పేరు బయటపెట్టరు, ప్రాణంలా నమ్మినవాళ్లకే చెబుతారు. చెవిలో రహస్యంగా మంత్రోపదేశం చేసే ఆచారం తెలిసిన మనకి ఇది కొత్తగా అనిపించదు. గెడ్ అనే మేకలకాపరి కుర్రాడు మాంత్రికుల బడికి వెళ్తాడు. అక్కడి గురువులు మొదట నేర్పేది ఆగడం. ఇక్కడ వాన కురిపిస్తే ఇంకెక్కడో ఎండిపోవచ్చు, కాబట్టి అవసరం లేకుండా మంత్రం వాడొద్దంటారు. గెడ్ వినడు. తోటి విద్యార్థి మీద పంతానికి ఒక రాత్రి చేయకూడని పని చేసి, చీకట్లోంచి ఒక నీడని లోకంలోకి వదులుతాడు. మిగతా పుస్తకమంతా ఆ ఒక్క రాత్రికి అతను కట్టిన మూల్యమే. ముగింపు నేను చెప్పను.

పోరాటాలు, పథకాలు ఎక్కువ కావాలంటే బ్రాండన్ శాండర్సన్ 2006లో రాసిన 'మిస్ట్‌బోర్న్' తీసుకోండి. అందులో మంత్రగాళ్లు లోహాలు మింగి, కడుపులో మండిస్తారు. ఉక్కు మండిస్తే ఎదురుగా ఉన్న లోహాన్ని నెట్టొచ్చు. నాణెం కింద పడేసి, దాన్ని నెట్టి, ఆ ఊపుతో మేడ మీదికి ఎగురుతారు. మింగిన లోహం అయిపోతే శక్తీ అయిపోతుంది. పోరాటం నడుస్తుంటే పాఠకుడి మనసులో కూడా లెక్క నడుస్తూ ఉంటుంది: ఇంకెంత ఉక్కు మిగిలింది?

పూర్తికాని సిరీస్ మొదలుపెట్టొచ్చా? 'గేమ్ ఆఫ్ త్రోన్స్' రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఆరో పుస్తకం రాలేదు కదా?

మొదలుపెట్టండి. 'ఎ గేమ్ ఆఫ్ త్రోన్స్' 1996లో, ఐదో పుస్తకం 2011లో వచ్చాయి. ఆ తర్వాతిది ఇంకా రాలేదు. అయినా 2000లో వచ్చిన మూడో పుస్తకం 'ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్' ఒక్కటి చాలు, ఈ ప్రయాణం వృథా కాలేదని చెప్పడానికి. ముగింపు లేకపోతే మనశ్శాంతి ఉండదనేవాళ్లకి 'ది వీల్ ఆఫ్ టైమ్' ఉంది. 1990లో మొదలుపెట్టిన రాబర్ట్ జోర్డన్ 2007లో చనిపోతే, ఆయన వదిలిన నోట్స్‌తో శాండర్సన్ చివరి మూడూ రాసి 2013లో ముగించాడు. మొత్తం 14 పుస్తకాలు. మధ్యలో కొన్ని సాగుతాయి, ముందే తెలిసి ఉండటం మంచిది.

టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ సిరీస్ 41 పుస్తకాలట. మొదటిదాంతోనే మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. 1989లో వచ్చిన 'గార్డ్స్! గార్డ్స్!'తో మొదలుపెట్టండి. కాపలా కాసే మామూలు పోలీసుల కథ. టెర్రీ ప్రాచెట్ మనుషుల్ని ఎంత ప్రేమగా చూస్తాడో అందులోనే తెలిసిపోతుంది.

బెంగళూరులో ఈ పుస్తకాలు ఎక్కడ వెతకాలి?

ఎంజీ రోడ్ మెట్రో స్టేషన్‌లో దిగి చర్చ్ స్ట్రీట్‌లోకి నడవండి. బ్లాసమ్, బుక్‌వర్మ్ రెండూ అక్కడే. కొత్తవీ పాతవీ కలిపి అమ్ముతారు. పాత పుస్తకాలంటే ప్రాణమైతే బ్రిగేడ్ రోడ్ పక్కన 1945 నుంచి ఉన్న సెలెక్ట్ బుక్ షాప్ కూడా చూడండి. సిరీస్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త: అట్ట మీద అది ఎన్నో భాగమో చూసుకోండి. మా మిత్రుడొకడు రెండో భాగం చదివేసి, ఎవరు ఎవరో తెలియక రెండు వారాలు తలపట్టుకున్నాడు.

## కార్డుల బల్ల దగ్గరికి వచ్చినవాళ్లకి

ఇది పేకాటే కదా అంటున్నారు ఇంట్లో. ఏమని చెప్పాలి?

చెప్పడం కంటే చేతికివ్వడం మేలు. మా నాన్నగారు ఒకసారి బెంగళూరు వచ్చినప్పుడు బల్ల మీద 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' కార్డులు చూసి ముఖం మాడ్చుకున్నారు. ఆయన పండగలకి ఊళ్లో రమ్మీ ఆడేవారు, దాంతో కొంపలు మునగడమూ చూశారు. నేనేం వాదించలేదు. ఏడు ముక్కలు పంచి చేతికిచ్చాను. చూపుడు వేలితో చకచకా విసనకర్రలా విప్పి, రంగుల ప్రకారం సర్దేశారు. "ఇందులో జోకర్ ఏదిరా?" అన్నారు. జోకర్ లేదు నాన్నా, ఈ ల్యాండ్ కార్డులు ముందు దించాలి, వాటి నుంచి వచ్చే శక్తితోనే మిగతావి దించగలం అన్నాను. కాసేపు చూసి, "అంటే భూమి ఉంటేనే సేద్యం" అన్నారు. ఈ ఆట గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్లని నేనింకా చూడలేదు.

పందెం లేదని, డబ్బు చేతులు మారదని ఇంట్లోవాళ్లకి స్పష్టంగా చెప్పండి. ఆ మాట మీద నిలబడండి కూడా.

మ్యాజిక్, పోకెమాన్, యుగియో: కొత్తవాళ్లు ఏది నేర్చుకోవాలి?

పదేళ్లలోపు పిల్లలుంటే పోకెమాన్. 60 కార్డుల డెక్ (ఆడేవాళ్లు ముందే కట్టుకునే సొంత పేక), గెలుపు లెక్కకి ఆరు ప్రైజ్ కార్డులు, నియమాలు తేలిక. యుగియోలో 40 నుంచి 60 కార్డులు, 8000 లైఫ్ పాయింట్లు (ప్రాణం లెక్క, సున్నా అయితే ఓటమి). కార్డు దించడానికి విడిగా శక్తి కూడబెట్టక్కర్లేదు, అందుకే ఒక్క వంతులోనే సుడిగాలిలా ఆట మారిపోతుంది. నాకు అది అంతగా పట్టలేదు.

నా ఓటు మ్యాజిక్‌కే. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ఆట. ల్యాండ్‌లు తప్ప ప్రతి కార్డు పైమూలన దాన్ని దించడానికి ఎంత శక్తి కావాలో రాసి ఉంటుంది. డ్రాగన్‌ని దించాలంటే ఐదారు వంతులు భూమి కూడబెట్టాలి, ఈలోపు ప్రాణం కాపాడుకోవాలి. ఇద్దరైతే చెరో 60 కార్డులు, 20 లైఫ్. నలుగురుంటే కమాండర్ అనే పద్ధతిలో ఆడండి: తలా 100 కార్డులు, 40 లైఫ్, మామూలు ల్యాండ్‌లు తప్ప ఏ కార్డూ రెండోది ఉండకూడదు. ఆదివారం మధ్యాహ్నానికి కమాండర్‌ని మించింది లేదు.

ఐదు రంగులంటారు. ఏ రంగు దేనికి?

మా బల్ల దగ్గర భారతం పాత్రలతో చెబుతాం. తెలుపు ధర్మరాజు: కట్టుబాటు, నలుగురి మంచి. నీలం కృష్ణుడు: తెలివి, ముందుచూపు, ఎదుటివాడి ఎత్తుని మొదట్లోనే చిత్తు చేయడం. నలుపు దుర్యోధనుడు: నాకు కావాలి, దానికోసం ఏదైనా ఇస్తాను. ఎరుపు భీముడు: కోపం, ప్రేమ, ఏదీ దాచుకోకపోవడం. పచ్చ హిడింబి: అడవి, బలం, ప్రకృతి దారి. ఇది చెప్పాక ఎవరికీ మళ్లీ సందేహం రాలేదు. మొదటి డెక్‌కి రెండు రంగులు చాలు.

నాకెప్పుడూ ల్యాండ్‌లు రావు. ముక్కలు సరిగ్గా కలపట్లేదా?

రెండు విషయాలున్నాయి. 60 కార్డుల్లో 24 ల్యాండ్‌లు పెట్టుకున్నా, మొదటి ఏడు ముక్కల్లో ఒకటో సున్నానో ల్యాండ్ వచ్చే అవకాశం 14 శాతం. అంటే సుమారు ఏడు చేతుల్లో ఒకటి చెడిపోతుంది. ఇది ఎవరి దురదృష్టమూ కాదు. అలాంటి చేయి ఉంచుకుని తర్వాత వస్తుందిలే అనుకోవద్దు, మలిగన్ తీసుకోండి, అంటే ఆ ముక్కలు వెనక్కిచ్చి కొత్తవి తీసుకోండి. మళ్లీ ఏడు తీసి, ఒకటి అడుగున పెట్టి ఆరుతో ఆడటం నయం.

రెండోది కలపడం. మనవాళ్లు పేకాటలో నాలుగుసార్లు పైపైన కలిపి పంచేస్తారు. 52 ముక్కల పేకని చెరి సగం చేసి ఒకదాంట్లో ఒకటి జార్చే పద్ధతిలో ఏడుసార్లు కలిపితేగానీ బాగా కలవదని డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ 1992లో లెక్కగట్టి చూపించారు. మీ డెక్‌లో అంతకంటే ఎక్కువ ముక్కలున్నాయి. కాబట్టి ఏడుకి తగ్గొద్దు, ఎనిమిదిసార్లు కలపండి.

బూస్టర్ ప్యాక్‌లు (లోపల ఏ కార్డులున్నాయో తెలియని పొట్లాలు) కొనాలా, విడి కార్డులా?

డెక్ కోసమైతే విడి కార్డులే. కావలసిన ఒక్క కార్డు కోసం ప్యాక్‌లు చింపుతూ పోవడం ఖర్చుకి అంతులేని దారి. ప్యాక్‌లు డ్రాఫ్ట్ ఆడటానికి కొనండి: మనిషికి మూడు ప్యాక్‌లు, ఒక్కో కార్డు తీసుకుని మిగతావి పక్కవాళ్లకి అందిస్తూ, చివరికి 40 కార్డుల డెక్ కట్టుకుంటారు. అప్పుడు ప్యాక్ చింపిన ఆనందంతో పాటు ఒక పూట ఆట కూడా దక్కుతుంది.

కార్డు నకిలీదని ఎలా తెలుస్తుంది?

నేను దెబ్బతిన్నాకే నేర్చుకున్నాను. నగరంలోనే ఒక షాపులో తక్కువ ధరకి వస్తున్నాయని నాలుగు కార్డులు కొన్నాను. ఇంటికొచ్చి స్లీవ్‌లో, అంటే ప్లాస్టిక్ తొడుగులో పెడుతుంటే వేళ్లకి తేడా తెలిసింది, మైనం పూసినట్టు జారుతున్నాయి. వెనక్కి వెళ్లి అడిగితే వాపసు తీసుకోబోమన్నారు.

ఇప్పుడు నగలవాళ్లు వాడే చిన్న భూతద్దం వెంట ఉంచుకుంటాను. మ్యాజిక్ కార్డు వెనకవైపు ఐదు రంగుల చుక్కలుంటాయి. వాటిలో పచ్చచుక్కని భూతద్దంతో చూస్తే, లోపల నాలుగు చిన్న ఎర్రచుక్కలు ఇంగ్లిష్ ఎల్ ఆకారంలో కనిపించాలి. అవి లేకపోయినా, అలుక్కుపోయినట్టున్నా కొనొద్దు. ఖరీదైన కార్డు అయితే అదే సెట్‌లోని అసలు కార్డు పక్కన పెట్టి, అక్షరాల అంచులు కూడా పోల్చుకోండి.

మా ఆవిడకి గెలుపోటముల గొడవ ఇష్టంలేదు. ఇద్దరం కలిసి ఆడేది ఏమైనా ఉందా?

2011లో వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది కార్డ్ గేమ్'. ఇద్దరూ ఒకే పక్షం, ఎదురుగా ఆడేది ఆటే. కష్టంగానే ఉంటుంది, మొదటి రెండు మూడుసార్లు ఓడిపోతారు. పోటీ కొంచెం ఉన్నా పర్వాలేదంటే 2008 నాటి 'డొమినియన్' మంచిది. పది కార్డులతో మొదలై ఆడుతూ ఆడుతూనే డెక్ కట్టుకుంటారు. పెట్టె ఒక్కసారి కొంటే చాలు.

## సీరియళ్లు చూసినవాళ్లకి

'గేమ్ ఆఫ్ త్రోన్స్' చివర్లో ఎందుకలా అయింది?

పుస్తకాలు అయిపోయాయని అందరూ చెబుతారు, అది నిజమే. నాకు కనిపించిన కారణం ఇంకోటి: దూరానికి విలువ పోయింది. మొదటి సీజన్‌లో ఉత్తరాన ఉన్న వింటర్‌ఫెల్ కోట నుంచి రాజధానికి వెళ్లడమే ఒక పెద్ద ప్రయాణం. ఆ దారిలోనే పగలు పుట్టాయి, ఒక పిల్ల ప్రేమగా పెంచుకున్న జంతువు చచ్చిపోయింది. ఏడో సీజన్‌కి వచ్చేసరికి ఉత్తర సరిహద్దులోని మంచుగోడకి అవతల ఆపదలో చిక్కుకున్నవాళ్లలో ఒకడు వెనక్కి పరుగెత్తడం, కాకి కబురు దక్షిణానికి చేరడం, డ్రాగన్లు ఎగిరి రావడం, అన్నీ వాళ్లు ఒక బండ మీద నిలబడి ఉండగానే అయిపోయాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ సాయంత్రం గడిపేవాళ్లకి దూరం అంటే ఏమిటో తెలుసు. దూరం ఖరీదు పోయాక, ఆ లోకంలో మిగతా దేనికీ ఖరీదు లేదనిపించింది. చివరి రెండు సీజన్లు ఏడూ ఆరూ ఎపిసోడ్లకి కుదించడంతో ఊపిరి తీసుకునే చోటు కూడా లేకపోయింది. మొదటి నాలుగు సీజన్లు మాత్రం మళ్లీ మళ్లీ చూస్తాను.

'ది రింగ్స్ ఆఫ్ పవర్' సీరియల్‌కి కథ ఎక్కడిది? టోల్కీన్ పుస్తకంలో లేదంటున్నారు.

తీసినవాళ్లకి హక్కులున్నది 'ది హాబిట్', 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్', దాని చివరి అనుబంధాల మీద. 1977లో వచ్చిన 'ది సిల్మరిలియన్' మీద, అంటే ఆ లోకపు పాత యుగాల కథల పుస్తకం మీద లేవు. అనుబంధాల్లో రెండో యుగం 3441 ఏళ్లకి ఉన్నది చాలావరకు తేదీల పట్టిక. ఆ పట్టికని కుదించి, ఖాళీల్లో సొంత కథ నింపారు. డ్వార్ఫ్‌ల (మరుగుజ్జుల) నగరం ఖజాద్-దూమ్ చూపించిన దృశ్యాలు నాకు చాలా నచ్చాయి. వేల ఏళ్లు కొద్ది రోజుల్లా కలిసిపోవడం మాత్రం నచ్చలేదు. చావులేని ఎల్ఫ్‌ల బాధంతా కాలంలోనే ఉంది, దాన్ని కుదిస్తే వాళ్లు మామూలు మనుషులైపోతారు.

'ది వీల్ ఆఫ్ టైమ్' సీరియల్ ఆపేశారు కదా, చూడటం దండగేనా?

మూడు సీజన్ల తర్వాత 2025లో ఆపేశారు. మూడో సీజన్ బాగా కుదిరింది, అందుకే ఎక్కువ బాధ. చూసి, నచ్చితే పుస్తకాలకి రండి. కథకి ముగింపు అక్కడ ఉంది.

సీరియల్‌లో పాత్రల రూపం మారిస్తే మీకెందుకంత పట్టింపు?

కొన్నిసార్లు రూపమే రచయిత ఉద్దేశం కాబట్టి. ఎర్త్‌సీలో గెడ్‌ది రాగి కలిసిన గోధుమ ఛాయ. ఆ లోకంలో ఎక్కువమంది నల్లవాళ్లు, చామనఛాయవాళ్లు. లెగ్విన్ కావాలనే అలా రాసింది. 2004లో టీవీకి తీసినప్పుడు గెడ్‌ని తెల్లవాణ్ణి చేసేశారు. ఆవిడ ఊరుకోలేదు, ఇది నా ఎర్త్‌సీ కాదని బహిరంగంగా రాసింది. మనలాంటి ఛాయ ఉన్న ఒక మాంత్రికుణ్ణి 1968లోనే ఒకరు ఊహించి ఉంటే, అతన్ని తెర మీద చూసే అవకాశం మనకి దక్కకుండా పోయింది. నా పట్టింపు అదే.

పిల్లలతో కలిసి ఏది చూడొచ్చు?

'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' యానిమేషన్ సీరియల్. 2005 నుంచి 2008 దాకా, 61 ఎపిసోడ్లు, కథ పూర్తయింది. నీరు, భూమి, నిప్పు, గాలి: ఒక్కోదాన్ని ఆడించే కదలికకి ఒక్కో చైనా యుద్ధవిద్య ఆధారం. నీటివాళ్లది తాయ్ చీ, భూమివాళ్లది హుంగ్ గార్. పిల్లలు రెండో ఎపిసోడ్‌కే చేతులు తిప్పడం మొదలుపెడతారు, తిప్పనివ్వండి.

## పెట్టెలు నిండినవాళ్లకి

నా ఫాయిల్ కార్డులు వానాకాలంలో వంగిపోతున్నాయి. ఏం చేయాలి?

ఫాయిల్ కార్డులో మెరిసే పొర ఒకవైపు, కాగితం ఇంకోవైపు. గాలిలో తేమని కాగితం పీల్చి సాగుతుంది, మెరిసే పొర సాగదు. అందుకే వంగుతుంది. చెన్నైలో ఉండే మా మిత్రుడికి ఈ బెడద ఏడాది పొడవునా ఉంటుంది. స్లీవ్‌లో పెట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో నిలువుగా సర్దండి. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన వేయండి. వంగిన కార్డు కొన్ని రోజుల్లో తనంతట తానే చాలావరకు దారికొస్తుంది. తొందరపడి ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టొద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, రంగు వెలిసిపోతుంది.